హెచ్‌ఐవీ, ఇంట్లో హింస, సంఘాల పని: తరచుగా అడిగే ప్రశ్నలు

హెచ్‌ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ బయట బెంచీ మీద, పొదుపు సంఘం మీటింగ్ అయ్యాక చెప్పులు వేసుకుంటూ, రాత్రి పదిన్నరకి ఫోన్లో గుసగుసగా, హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళ సంఘంలో పనిచేసే మమ్మల్ని అడిగే ప్రశ్నలివి. దాదాపు అడిగిన మాటల్లోనే రాశాను. కొన్నిటికి జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది. కొన్నిటికి కాస్త ఓపిగ్గా చదవాలి.

హెచ్‌ఐవీ ఒక జబ్బు. మొగుడు కొట్టడం వేరే గొడవ. రెండిటినీ ఎందుకు కలుపుతారు?

మేం కలపక్కర్లేదండీ, ఆ రెండూ ఒకే ఇంట్లో కాపురం చేస్తున్నాయి. కడుపుతో ఉన్న అమ్మాయికి ఆస్పత్రిలో చేసే రక్తపరీక్షల్లో హెచ్‌ఐవీ పరీక్ష కూడా ఉంటుంది. దాంతో చాలా ఇళ్ళల్లో ముందు బయటపడేది భార్య రిపోర్టే. భర్త అప్పటికి ఏ పరీక్షా చేయించుకుని ఉండడు. ఎవరిది ముందు తెలిస్తే వాళ్ళే తెచ్చారని లెక్క. "నువ్వే అంటించావు" అన్న మాటతో మొదలై పుట్టింటికి తరమడం, కొట్టడం, "అసలు ఆ బిడ్డ మావాడి బిడ్డేనా" అనడం దాకా పోతుంది. భర్త చనిపోయి ఉంటే మరీ ఘోరం. కొడుకుని మింగిందంటారు. పొలంలో వాటా అడగబోతే అదే మాట అడ్డం వేస్తారు.

ఇంకో వైపు నుంచి కూడా చూడండి. చెయ్యెత్తే మనిషిని కండోమ్ వాడమని ఏ ఆడది అడగగలదు? తన్నులు పడతాయన్న భయంతో పరీక్షకి రాని వాళ్ళున్నారు, వచ్చినా రిపోర్టు తీసుకోకుండా వెళ్ళిపోయే వాళ్ళున్నారు. మందులు మొదలుపెట్టి దాచుకునే చోటు లేక మానేసిన వాళ్ళున్నారు.

ఏఆర్‌టీ మాత్రల డబ్బాలో నెలకి 30 ఉంటాయి. కదిలిస్తే గలగలమంటుంది. బస్సులో ఆ చప్పుడు వినిపించకుండా మూత కింద దూది కుక్కుతారు. లేబుల్‌ని నీళ్ళలో నానబెట్టి గోటితో గీకేస్తారు. మా సంఘంలో ఒకావిడ మాత్రల్ని కాగితంలో చుట్టి మెంతుల డబ్బా అడుగున పెట్టేది. ఇంట్లో మెంతుల జోలికి ఎవరూ పోరని ధైర్యం. వేసవిలో అత్తగారు ఆవకాయ కోసం మెంతులు వేయించబోయింది. ఆ రాత్రి ఆవిడ పిల్లాణ్ణి ఎత్తుకుని మా ఇంటికొచ్చింది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, భర్త చేతిలో ఏదో ఒక హింస అనుభవించామని చెప్పిన పెళ్ళయిన ఆడవాళ్ళు తెలంగాణలో సుమారు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. హెచ్‌ఐవీతో జీవిస్తున్న వాళ్ళు 2021 నాకో (జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ) అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3.2 లక్షలు, తెలంగాణలో సుమారు 1.6 లక్షలు. ఈ రెండు లెక్కల్లోనూ ఉన్న ఆడవాళ్ళే మా దగ్గరికి వస్తారు.

కలిసి తింటే వస్తుందా? దోమ కుడితే? బాత్‌రూమ్ వాడితే?

రాదు. రాదు. రాదు.

కండోమ్ లేని సెక్స్, పరీక్ష చేయని రక్తం, ఒకరు వాడిన సూది, తల్లి నుంచి బిడ్డకి (కడుపులో, కాన్పులో, పాలలో): ఇంతే దారులు. మందులు లేకపోతే తల్లి నుంచి బిడ్డకి సోకే అవకాశం 15 నుంచి 45 శాతం దాకా ఉంటుంది, సరిగ్గా మందులు వాడితే 5 శాతం లోపుకి పడిపోతుంది. ఇంకో సంగతి: రోజూ మందులు వేసుకుని, రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనపడని స్థాయికి చేరి అలాగే ఉన్న మనిషి నుంచి సెక్స్ ద్వారా హెచ్‌ఐవీ సోకదు. ఈ ఒక్క ముక్క తెలిస్తే చాలా కాపురాల్లో సగం టెన్షన్ పోతుంది. అయినా వంటింట్లో మేకుతో గీత గీసిన స్టీల్ గ్లాసు విడిగా కనిపిస్తూనే ఉంటుంది. ఆ గ్లాసు ఎవరిదో అడగక్కర్లేదు.

టీవీల్లో, గోడల మీద అంత ప్రచారం చేశారు కదా. ఇంకా సంఘాలెందుకు?

పులిరాజా గుర్తున్నాడా? 2000ల మొదట్లో ఊరూరా హోర్డింగులు: "పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా?" అని. ఆ ప్రశ్న అందరికీ నోటికొచ్చింది. జవాబు ఎంతమందికి గుర్తుంది? దానికంటే ముందు పుర్రె బొమ్మలేసి భయపెట్టారు. జనం ఎయిడ్స్ అనే మాట నోటితో పలకడం మొదలుపెట్టారు, అది మేలే. కానీ నా ఉద్దేశంలో ఆ ప్రచారం వల్ల ఒక నష్టం కూడా జరిగింది. ఈ జబ్బు తిరుగుబోతులకి వచ్చేదన్న ముద్ర గట్టిగా పడిపోయింది. గడప దాటని ఇల్లాలికి వచ్చినా ఆ ఖాతాలోనే రాసేశారు.

పోస్టర్ భయం పుట్టించగలదు, సమాచారం ఇవ్వగలదు. అత్తగారి ఎదురుగా కూర్చుని "పిన్నిగారూ, నాకూ ఉంది, పన్నెండేళ్ళయింది, ఇదిగో మీ కాఫీ తాగుతున్నాను" అని చెప్పడం పోస్టర్‌కి రాదు.

'సమూహమే ముందుండి నడపడం' అంటే ఏమిటి? ఎన్జీవోలు చేసేదే కదా?

జబ్బున్న మనుషులే నిర్ణయాలు తీసుకోవడం. సేవ చేయించుకునే చోటు నుంచి లేచి బల్లకి అవతలి వైపు కూర్చోవడం. 1983లో అమెరికాలోని డెన్వర్‌లో ఎయిడ్స్ ఉన్న వాళ్ళే కూడి, మమ్మల్ని 'బాధితులు' అని పిలవకండి, మా గురించి తీసుకునే ప్రతి నిర్ణయంలో మేముంటాం అని ప్రకటించారు. 1994లో పారిస్‌లో 42 దేశాలు అదే సూత్రానికి ఒప్పుకున్నాయి.

మన దేశంలో చెప్పుకోవాల్సింది కలకత్తా సోనాగాఛీ. 1992లో డాక్టర్ స్మరజిత్ జానా అక్కడ పని మొదలుపెట్టినప్పుడు సెక్స్ వర్కర్లనే తోటివాళ్ళకి చెప్పే కార్యకర్తలుగా తీసుకున్నారు. మూడేళ్ళకి, 1995లో, వాళ్ళు దుర్బార్ మహిళా సమన్వయ కమిటీ అనే సొంత సంస్థ పెట్టుకున్నారు. కండోమ్ గురించి మాట్లాడదామని వెళ్తే, వాళ్ళు పోలీసుల దెబ్బల గురించీ, గూండాల గురించీ, పిల్లల బడి గురించీ మాట్లాడారు. అవి తేలకుండా కండోమ్ మాట ముందుకు పోలేదు.

మన దగ్గర కూడా పాజిటివ్ వ్యక్తుల నెట్‌వర్క్‌లు జిల్లాల్లో అలాగే పుట్టాయి. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఉచిత ఏఆర్‌టీ మొదలుపెట్టిన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. మందుల కోసం క్యూలో నిలబడ్డ వాళ్ళ మధ్య పరిచయాలు, ఆ పరిచయాల్లోంచి సంఘాలు. పెద్ద సిద్ధాంతమేమీ లేదు. ఒకరి బస్సు చార్జీ ఇంకొకరు పెట్టుకున్నారు, అంతే.

నాకు పాజిటివ్ అని తేలింది. మా ఆయనకి చెప్పాలా? చెబితే చంపేస్తాడు.

ఈ ప్రశ్న అడిగితే ముందు మేం ఇంకో ప్రశ్న అడుగుతాం: ఇంతకు ముందెప్పుడైనా కొట్టాడా?

ఇక్కడ చట్టం మీ వైపు ఉంది. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ (నివారణ, నియంత్రణ) చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. మీ అనుమతి లేకుండా మీ రిపోర్టు సంగతి ఎవరికీ చెప్పకూడదన్నది దాని మూల సూత్రం. భాగస్వామికి ముప్పు ఉందనుకుంటే డాక్టరు గానీ కౌన్సిలరు గానీ కొన్ని షరతులతో ఆయనకి చెప్పవచ్చు. ముందు మీకే నచ్చజెప్పాలి. మీరు చెప్పరని తేలాక, తామే చెబుతున్నామని మీకు తెలియజేసి, అప్పుడు నేరుగా చెప్పాలి. కానీ 9వ సెక్షన్‌లో ఒక మాట ఉంది, మా సంఘంలో అది అందరికీ నోటికి వచ్చు: అలా చెప్పడం వల్ల ఆడమనిషికి గానీ, ఆమె పిల్లలకి గానీ, ఆమె వాళ్ళకి గానీ హింస జరుగుతుందని, ఆమెని వదిలేస్తారని సహేతుకమైన అనుమానం ఉంటే భాగస్వామికి చెప్పనే కూడదు. ఇతరులకి సోకకుండా చూసుకునే బాధ్యత గురించిన 10వ సెక్షన్‌లో కూడా ఇలాంటి మినహాయింపే ఉంది. ఈ చట్టం రాసిన వాళ్ళకి మన ఇళ్ళు తెలుసు అనిపిస్తుంది నాకు.

అందుకే కౌన్సిలర్ గదిలో సిగ్గుపడి దాచకండి. "మా ఆయన కొడతాడు" అని స్పష్టంగా చెప్పండి. చెబితేనే ఆ రక్షణ పనికొస్తుంది.

అయితే ఎప్పటికీ చెప్పకుండా ఉండటం కూడా కష్టమే. ఆయనకీ పరీక్ష కావాలి, మందులు కావాలి. మేం ఎక్కువగా చేసేది ఇద్దరినీ కలిపి పరీక్షకి తీసుకెళ్ళడం. "జంటగా చేస్తారు, అందరికీ చేస్తున్నారు" అంటే చాలామంది వస్తారు. రిపోర్టు ఇద్దరికీ ఒకేసారి చెబుతారు, 'ముందు ఎవరిది' అన్న గొడవ ఉండదు. బయట మా వాళ్ళు ఇద్దరు కూర్చుంటారు, ఒక మగ, ఒక ఆడ. ఆరోజు రాత్రి ఆమె ఎక్కడ పడుకుంటుందో ముందే అనుకుని పెట్టుకుంటాం. ఆధార్, రేషన్ కార్డు, రిపోర్టులు, రెండు జతల బట్టలు పక్కింట్లో ఉంచమంటాం. అన్నిసార్లూ అవసరం పడదు. అవసరం పడ్డ రోజు మాత్రం సంచి సర్దుకునే టైం ఉండదు.

అత్తింటి వాళ్ళు బయటికి గెంటేశారు. ఇల్లు ఆయన పేరు మీద కూడా లేదు, మామగారిది. నాకేం హక్కుంది?

ఉంది, రెండు చట్టాల్లో. 2005 గృహహింస చట్టం ప్రకారం మీరు కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు మీది, ఇల్లు ఎవరి పేరు మీదున్నా. 2017 హెచ్‌ఐవీ చట్టం 29వ సెక్షన్ కూడా అదే చెబుతుంది: ఇంట్లోంచి గానీ ఇంట్లో ఏ భాగంలోంచి గానీ వెలేయకూడదు. పశువుల పాకలో మంచం వేయడం కూడా వెలేయడమే.

దారి ఏమిటంటే: జిల్లాలో గృహహింస రక్షణాధికారి ఉంటారు. ఆయన గానీ ఆవిడ గానీ ఘటన రిపోర్టు రాసి మేజిస్ట్రేటుకి పంపుతారు. రక్షణ ఉత్తర్వు, నివాస ఉత్తర్వు, ఖర్చులకి డబ్బు అడగవచ్చు. హింసకి గురైన ఆడవాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే సఖి కేంద్రంలో కొన్ని రోజులు ఉండటానికి చోటు, లాయరు సాయం దొరుకుతాయి. కోర్టులో హెచ్‌ఐవీ సంగతి వస్తుందని భయపడకండి. పేరు మార్చి కేసు నడపమని, లోపలి గదిలో విచారించమని అడిగే వీలు హెచ్‌ఐవీ చట్టంలోనే ఉంది.

ఇదంతా కాగితం మీద బాగుంటుంది. నిజానికి ఏం జరుగుతుందంటే, ఒంటరిగా వెళ్ళిన అమ్మాయిని "సర్దుకుపో తల్లీ" అని పంపేస్తారు. అదే ఆరుగురం వెళ్ళి బల్ల ముందు కూర్చుంటే కాగితం కదులుతుంది. సంఘం పనిలో ముప్పావు వంతు ఇలా తోడు వెళ్ళడమే. టిఫిన్ బాక్సు కట్టుకుని వెళ్తాం, ఎందుకంటే సాయంత్రం దాకా కూర్చోబెడతారు.

ఆస్పత్రిలో అందరికీ తెలిసిపోయింది. ఆపరేషన్ చేసేది లేదంటున్నారు.

నేను ఒక పెద్ద ఆస్పత్రిలో కాన్పు వార్డుకి వెళ్ళినప్పుడు మంచం కాళ్ళ దగ్గర కేస్ షీట్ మీద ఎర్ర ఇంకుతో ఇంత గుర్తు పెట్టి ఉంది. పక్క మంచం వాళ్ళ చుట్టాలు దాని అర్థం నాకే వివరించారు. చట్ట ప్రకారం ఇది తప్పు. వైద్యం నిరాకరించడమూ తప్పే. చేతి తొడుగులు, జాగ్రత్తలు ప్రతి పేషెంటుకీ ఒకటే ఉండాలి, ఎందుకంటే పరీక్ష చేయించుకోని పాజిటివ్ మనిషి కూడా ఆ బల్ల మీదికే వస్తాడు.

మాకు పనికొచ్చిన మాట ఒకటుంది: "ఆపరేషన్ ఎందుకు చేయరో రాసివ్వండి." గట్టిగా అరవక్కర్లేదు, మెల్లగా అడగండి. చాలాసార్లు డేటు దొరుకుతుంది. దొరక్కపోతే, 20 మంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే ఆరోగ్య సంస్థలో ఫిర్యాదుల అధికారి ఉండాలి. మిగతా చోట్ల 100 మంది లెక్క. ఆ పైన ఫిర్యాదులు విచారించడానికి రాష్ట్ర ప్రభుత్వం నియమించే ఆంబుడ్స్‌మన్. 30 రోజుల్లో తేల్చాలి, ప్రాణం మీదికి వచ్చిన సందర్భాల్లో వీలైతే 24 గంటల్లో.

అత్యాచారం జరిగింది. హెచ్‌ఐవీ రాకుండా ఏమైనా చేయొచ్చా?

చేయొచ్చు. పెప్ అనే మందుల కోర్సు ఉంది. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే లాభం లేదు. 28 రోజులు వాడాలి. ముందు ఆస్పత్రికి వెళ్ళండి, మిగతావి తర్వాత. ఇలాంటి కేసుల్లో ప్రభుత్వమైనా ప్రైవేటైనా ఏ ఆస్పత్రి అయినా వెంటనే ఉచితంగా వైద్యం చేసి తీరాలని చట్టం. పోలీసులకి కబురు ఆస్పత్రి వాళ్ళే చెబుతారు. "ముందు ఎఫ్‌ఐఆర్ తెండి" అనే అధికారం ఎవరికీ లేదు. వీలైతే స్నానం చేయకుండా, ఆ బట్టలతోనే వెళ్ళండి. అప్పటికే స్నానం చేసేసి ఉంటే దానికి బాధపడకండి, అలాగే వెళ్ళండి.

మా పొదుపు సంఘం ఇందులో ఏం చేయగలదు? మాది లోన్ల వ్యవహారం.

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళది అక్షరాల వ్యవహారం. రాత్రి బడిలో చదువుకోవడానికి కూర్చున్న వాళ్ళు సారా గురించి మాట్లాడుకున్నారు, 1992లో రోశమ్మ ముందు నడిచింది, 1993 అక్టోబరు 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. తాగొచ్చి కొట్టడం ఇంటింటి రహస్యంగా ఉన్నన్నాళ్ళూ ఎవరూ ఏమీ చేయలేకపోయారు. పదిమంది ఒకచోట కూర్చుని చెప్పుకున్నాక అది రహస్యం కాకుండా పోయింది.

అప్పుకీ దీనికీ సంబంధం ఉందని దక్షిణాఫ్రికాలోనూ తేలింది. లింపోపో ప్రాంతంలో ఇమేజ్ అనే కార్యక్రమంలో పేద ఆడవాళ్ళకి సంఘాలుగా చిన్న అప్పులిచ్చి, అదే మీటింగుల్లో హింస గురించీ హెచ్‌ఐవీ గురించీ పాఠాలు పెట్టారు. రెండేళ్ళలో భర్తల చేతి హింస సగానికి పైగా, 55 శాతం, తగ్గింది. హెచ్‌ఐవీ కొత్త కేసులు తగ్గినట్టు మాత్రం అక్కడ తేలలేదు. అది కూడా చెప్పుకోవాలి, లేకపోతే గొప్పలు పోయినట్టవుతుంది.

మీటింగు మన దగ్గర ఎలాగూ ఉంది, పుస్తకం ఉంది, సంతకాలు ఉన్నాయి. వాయిదాలు కట్టడం అయ్యాక పావుగంట చాలు. ఒక హెచ్చరిక: సంఘంలో ఎవరికైనా పాజిటివ్ అని మీకు తెలిసినా, మంచి ఉద్దేశంతోనైనా, ఆమె పేరు ఎత్తకండి. "మనలో ఒకరికి..." అన్నా చాలు, సాయంత్రానికి ఊరంతా లెక్కలు కట్టేస్తుంది.

మగవాళ్ళతో మాట్లాడరా? ఎప్పుడూ ఆడవాళ్ళకే చెబుతారేం?

న్యాయమైన ప్రశ్న. ఉగాండా రాజధాని కంపాలాలో రెయిజింగ్ వాయిసెస్ అనే సంస్థ 'సాసా' అని ఒక పద్ధతి తయారుచేసింది. స్వాహిలీలో ఆ మాటకి 'ఇప్పుడే' అని అర్థం. బయటి నుంచి లెక్చరర్లని తేలేదు. ఆ బస్తీలోని మగవాళ్ళనీ ఆడవాళ్ళనీ తయారుచేశారు, వాళ్ళు ఇరుగుపొరుగుతోనే మాట్లాడారు. హింస తప్పు అని మొదలుపెట్టలేదు. "మీ ఇంట్లో నిర్ణయం ఎవరిది? మీ మీద ఎవరైనా అధికారం చెలాయిస్తే ఎలా ఉంటుంది?" అని మొదలుపెట్టారు. కొట్టేవాడికీ పైన ఒక మేస్త్రీ, ఒక ఎస్సై ఉంటారు కదా, ఆ బాధ తెలుసు. 2014లో వెలువడిన ఫలితాల్లో, సాసా నడిచిన బస్తీల్లో భర్తలు కొట్టడం మిగతా బస్తీలతో పోలిస్తే 52 శాతం తక్కువగా తేలింది.

మా అనుభవంలో మగవాళ్ళు మీటింగుకి రారు. ఆటోస్టాండుకి మనమే వెళ్ళాలి. మా సంఘంలో ఒక డ్రైవరన్న ఉన్నాడు, పాజిటివ్. "నేను మూడేళ్ళు టెస్టు చేయించుకోకుండా మా ఆవిడని తిట్టాను" అని తన కథే చెబుతాడు. ఆయన చెబితే టీ గ్లాసులు కింద పెట్టి వింటారు. నేను చెబితే ఫోన్లు చూసుకుంటారు.

సెక్స్ వర్కర్లు, ట్రాన్స్‌జెండర్ వాళ్ళ సంగతి?

వాళ్ళకి హింస ఇంటి నుంచే కాదు, వీధి నుంచీ స్టేషన్ నుంచీ కూడా. నిజం చెప్పాలంటే సంఘాలు కట్టడం మిగతా వాళ్ళకి నేర్పింది కూడా వీళ్ళే. ఎవరినైనా పట్టుకుంటే అర్ధరాత్రి అయినా కొందరు లాయరుతో కలిసి స్టేషన్‌కి వెళ్ళే ఏర్పాటు ముందుగా చేసుకున్నది సెక్స్ వర్కర్ల సంఘాలే. 2022 మే 19న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల్లో సెక్స్ వర్కర్లని గౌరవంగా చూడాలని, హింస జరిగిందని ఫిర్యాదు చేస్తే అందరిలాగే చట్టప్రకారం చర్యలు తీసుకోవాలని, వైద్య సాయం అందించాలని పోలీసులకి చెప్పింది. హిజ్రాలని పుట్టుకతోనే నేరస్తులుగా చూసిన నిజాం కాలపు చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023లో కొట్టేసింది.

పెళ్ళికి ముందు టెస్టు తప్పనిసరి చేస్తే ఈ గొడవే ఉండదు కదా?

ఇద్దరూ ఇష్టపడి చేయించుకుంటే చాలా మంచిది, మేమే తీసుకెళ్తాం. బలవంతంగా చేయడం చట్టం ఒప్పుకోదు, అనుమతి ఉండాలి. పైగా వైరస్ సోకిన తొలి వారాల్లో పరీక్షలో దొరక్కపోవచ్చు. పెళ్ళయ్యాక సోకేదాన్ని పెళ్ళికి ముందు కాగితం ఆపలేదు. మన పెళ్ళిళ్ళలో ఆ కాగితం ఎవరి చేతుల్లో తిరుగుతుందో కూడా ఆలోచించండి. సంబంధం తప్పిపోతే అమ్మాయి పేరే ఊళ్ళో మిగులుతుంది.

పిల్లల్ని బడిలో చేర్చుకోకపోతే?

నేరుగా చట్టం ఉల్లంఘనే. తల్లిదండ్రులు లేని ఇళ్ళ కోసం ఇంకో ఏర్పాటు ఉంది: 12 ఏళ్ళు దాటి, కాస్త వ్యవహారం తెలిసిన అక్క గానీ అన్న గానీ తమ్ముడూ చెల్లెళ్ళకి సంరక్షకులుగా బడిలో చేర్పించవచ్చు, బ్యాంకు ఖాతా నడపవచ్చు. ఇలాంటి అక్కలు ఎంతమంది ఉంటే ఆ ఏర్పాటు చట్టం దాకా వచ్చిందో.

ఎవరికి ఫోన్ చేయాలి? చేస్తే ఇంట్లో తెలుస్తుందా?

హెచ్‌ఐవీ గురించి ఏ సందేహమైనా 1097. హింస జరుగుతుంటే 181, ప్రాణం మీదికి వస్తే 112. పిల్లల విషయమైతే 1098. ఉచిత లాయరు కోసం 15100. ఇవన్నీ ఉచితం. మాట్లాడాక కాల్ లిస్టులోంచి నంబరు తీసేయండి, మెసేజీలు కూడా.

జిల్లా నెట్‌వర్క్ నంబరు ఏఆర్‌టీ సెంటర్ కౌన్సిలర్ దగ్గర దొరుకుతుంది. సేవ్ చేసుకునేటప్పుడు పేరు చూసి పెట్టుకోండి. మా వాళ్ళలో ఒకావిడ 'గ్యాస్ బుకింగ్' అని పెట్టుకుంది. రాత్రి పదింటికి గ్యాస్ వాళ్ళకి నీతో ఏం పని అని మొగుడు నిలదీశాడు. ఇప్పుడు 'జాకెట్లు కుట్టే అక్క' అని మార్చింది. ఆ గొడవయ్యాక మేం ముందుగా ఎవరికీ ఫోన్ చేయడం మానేశాం. తప్పనిసరైతే పొద్దున పదకొండు దాటాక చేస్తాం, ఇంట్లో మగవాళ్ళు పనికి వెళ్ళాక. ఎత్తిన గొంతు మీది కాకపోతే జాకెట్టు కుట్టడం అయిపోయిందని చెప్పి పెట్టేస్తాం.